మరభాగాలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఇల్లు గీస్తే

కడపలో మేము కట్టుకోబోయే 30×40 అడుగుల ఇంటిని, లేత్ పనికి విడిభాగాలు గీయడానికి నేను రోజూ వాడే మెకానికల్ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోనే మూడు వారాల పాటు గీసి చూశాను. కొలతలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటమే దీని అసలు బలం. మెట్టు ఎత్తును 175 మిల్లీమీటర్ల నుంచి 150కి తగ్గించగానే, నేను రాసుకున్న సూత్రం ప్రకారం 3,150 మిల్లీమీటర్ల ఎత్తుకు 18గా ఉన్న మెట్లు 21 అయ్యాయి, చివరి మెట్టు వరండా తలుపుకు అడ్డం వచ్చింది. కాగితం మీదైతే ఈ సంగతి స్లాబు పడ్డాక గాని తెలిసేది కాదు. వంటింటి గట్టుకు వేసే కడప బండను సింకు కోతతో సహా గీసి, ఆ కొలతల కాగితాన్నే బండల దుకాణంలో ఇచ్చాను.

అయితే గోడ అంటే ఏమిటో దీనికి తెలియదు. తొమ్మిదంగుళాల గోడ కూడా దీని లెక్కలో ఒక దిమ్మె మాత్రమే కనుక, ప్రతి తలుపుకూ ముందు రంధ్రం కోసి, తర్వాత ద్వారబంధాన్ని విడిగా తెచ్చి అమర్చవలసి వచ్చింది. ఇటుకల లెక్క చేత్తోనే వేసుకున్నాను. మా మేస్త్రి త్రీడీ బొమ్మను ఒక్క నిమిషం చూసి, "బాగుండాది సార్, ప్లాను కాయితం ఇస్తే ముగ్గు పోసుకుంటా" అన్నాడు. గోడను గోడగానే గీయాలనుకునేవారికి, 2024 నవంబరులో విడుదలైన ఫ్రీక్యాడ్ 1.0 అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో భవన నిర్మాణానికి ఉద్దేశించిన బిమ్ విభాగం ఉచితంగానే లభిస్తుంది. నేను మాత్రం మెట్లు, గట్టు, ఇనుప గేటు వరకే నా మెకానికల్ క్యాడ్‌ను వాడతాను.