ఎనిమిది, తొమ్మిది తరగతులతో నేలపట్టు, ఉదయగిరి, భైరవకోన యాత్రలు

నెల్లూరు చుట్టుపక్కల పాఠశాలల్లో విహారయాత్ర అనగానే ఒకే రోజులో మూడు గుళ్లు, ఒక సముద్రతీరం, చివర ఒక షాపింగ్ మాల్ చుట్టి వచ్చే కార్యక్రమం తయారవుతుంది. అలా వెళ్లిన పిల్లలకు కిటికీ పక్క సీటు కోసం జరిగిన తగవులు తప్ప మరేమీ గుర్తుండవు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి పది రోజులు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలని చెప్పిన తర్వాత, మా ఉన్నత పాఠశాలలో యాత్రకు ఒక్క చోటే అన్న నియమం పెట్టుకున్నాం. ఆ చోట పిల్లవాడు రెండు గంటలు నిలబడి చూడదగినది ఏదైనా ఉందా, తాగునీరూ నీడా ఉన్నాయా, ఆడపిల్లలకు తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉందా అన్న మూడు ప్రశ్నలతోనే ఇక్కడ ఈ మూడు ప్రదేశాలను తూచాను.

పక్షుల అభయారణ్యం ఉన్న నేలపట్టు 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు వెళ్లినా, నెల్లూరు పిల్లలకు అది ఇప్పటికీ జాతీయ రహదారి మీద రెండు గంటలలోపు ప్రయాణమే. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండగానే గూడబాతులు (పెలికాన్లు) వచ్చి, నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ నీరు ఉండటం వల్ల నేల మీది జంతువులు గూళ్ల దాకా రాలేవు, మేతకు పులికాట్ సరస్సు దగ్గరలోనే ఉంటుంది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు ఎరువుగా పనికివస్తుంది కనుక ఊరివాళ్లు వాటిని తరతరాలుగా కాపాడుకుంటున్నారు. జీవశాస్త్రం, భూగోళం, వ్యవసాయం మూడూ ఒకే గట్టు మీద కనిపించే ఇలాంటి చోటు మరొకటి నేను చూడలేదు.

మేము పిల్లలను చిన్న జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క చెట్టు అప్పగించి, గంటసేపు ఆ చెట్టునే చూసి రాసుకోమన్నాం. మొదటి పది నిమిషాలు గుసగుసలతో గడిచాయి. తల్లి పక్షి సంచి ముక్కు తెరవగానే పిల్ల తన తలను అందులోకి దూర్చి చేపలు తినడం ఒక జట్టు కంటబడింది, ఆ తర్వాత ఎవరినీ మాట్లాడవద్దని చెప్పవలసిన అవసరం రాలేదు. నత్తగుల్ల కొంగ ముక్కు పై, కింది భాగాల మధ్య ఎందుకు సందు ఉంటుందని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్నకు అక్కడి అటవీ శాఖ ఉద్యోగి ఓపికగా జవాబు చెప్పారు.

ఇక్కడ తెల్లవారుజామున బయలుదేరి ఏడు గంటలకల్లా చేరడమే మంచిది, ఎండ ఎక్కాక పక్షులూ పిల్లలూ ఒకేలా డీలా పడతారు. పులిహోర, పెరుగన్నం ఇళ్ల నుంచే తెచ్చుకోవాలి. సూళ్లూరుపేటలో రాత్రి బస చేస్తే ఉదయం కలిసివస్తుందన్న ఆశతో ఒకసారి ఒక లాడ్జిలో గదులు తీసుకున్నాం. ముందు గదికి ఇంతని మాట్లాడిన యజమాని, బిల్లు దగ్గర పరుపుకు ఇంతని లెక్క మార్చాడు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో గదులు దొరకడమే కష్టం. శ్రీహరికోట చూపించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ప్రయోగాన్ని చూసే గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేయాలి, పైగా ప్రయోగం వాయిదా పడవచ్చు. కాబట్టి దాన్ని పక్షుల యాత్రతో ముడిపెట్టకుండా వేరుగా చూసుకోవడం మేలు. పులికాట్ మధ్యగా వెళ్లే రోడ్డు మీద ఫ్లెమింగోల కోసం బస్సు ఆపమని పిల్లలు గోల చేస్తారు కానీ, వాహనాల రద్దీలో అక్కడ పిల్లలను దించడానికి నేను ఒప్పుకోను.

కొండ మీద పాత కోట ఉన్న ఉదయగిరి తొమ్మిదో తరగతికి తగిన చోటు, అంతకంటే చిన్నవాళ్లను ఆ కొండ ఎక్కించకూడదు. ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, 1514లో గాని వశం చేసుకోలేకపోయాడు. అన్ని నెలలు ఎందుకు పట్టిందో పాఠంలో ఎంత చెప్పినా ఎక్కని సంగతి, సగం కొండ ఎక్కి ఆయాసపడుతున్న పిల్లవాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే రాయలు హంపికి తీసుకెళ్లి గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. పైన నీటి వసతి మీద ఆశ పెట్టుకోకుండా సీసాలు మోసుకెళ్లాలి, దారి తెలిసిన ఊరి మనిషి తోడు తప్పనిసరి.

అయితే నా లెక్కలో ఉదయగిరి యాత్రకు అసలు విలువ కొండ దిగాక మొదలవుతుంది. భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన చెక్క గరిటెలు, చెంచాలు ఈ ఊరి ఇళ్లలోనే తయారవుతాయి. మొద్దు చెక్కలో చెంచా గుంట తొలవడం, గరుకు కాగితంతో నునుపు చేయడం దగ్గర కూర్చుని చూసిన పిల్లలు, కోటలో వేసిన ప్రశ్నలకంటే ఎక్కువ ప్రశ్నలు అక్కడ వేశారు. బస మాత్రం తృప్తినివ్వలేదు. మేము దిగిన కల్యాణ మండపంలో హాలు విశాలంగానే ఉంది, కానీ పనిచేసే మరుగుదొడ్లు రెండే, ట్యాంకులో నీళ్లు తెల్లవారకముందే అయిపోయాయి. నెల్లూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు కనుక ఉదయాన్నే కొండ ఎక్కాలంటే ముందు రాత్రి ఉండక తప్పదు. డబ్బు కట్టేముందు ఒక ఉపాధ్యాయురాలు వెళ్లి కుళాయిలు తిప్పి చూసి రావాలి.

భైరవకోన గురించి ఎక్కువ చెప్పవలసిన పనిలేదు. కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం వానల తర్వాత కన్నులపండువగా ఉంటాయి. కార్తిక మాసంలోనూ ఆదివారాల్లోనూ జనసందోహం మధ్య పిల్లలను లెక్కపెట్టుకోవడమే పని అవుతుంది, జలపాతం దగ్గర రాళ్లు జారతాయి. మామూలు పనిదినాన వెళ్తే బొమ్మలు గీసే పిల్లలకు మంచి చోటు.

బస్సు విషయంలో ఆర్టీసీ అద్దె బస్సుకే నా ఓటు. ప్రైవేటు బస్సు చవకగా వచ్చినా, రాత్రంతా మరో పెళ్లి బృందాన్ని దించి వచ్చిన డ్రైవరే పొద్దున మన పిల్లలను ఎక్కించుకోవడం నేను చూశాను. పాటల పెట్టె లేదని పిల్లలు మొదట మూతి ముడుచుకున్నా, గూడూరు దాటేసరికి అంత్యాక్షరి మొదలుపెట్టారు.

ఖర్చు దగ్గరే ఎంపిక తేలుతుంది. రాత్రి బస చేరితే తలకు పడే రుసుము దాదాపు రెట్టింపవుతుంది, అప్పుడు కూలి పనులకు వెళ్లే ఇళ్ల పిల్లలు కడుపునొప్పి సాకుతో పేరు వెనక్కి తీసుకుంటారు. ఏడాదికి ఒక్క యాత్రే వీలయ్యే బడికి నేలపట్టే తగినది, అదీ వానలు బాగా పడి చెరువు నిండిన ఏడాది. డిసెంబరులో అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేసి, పక్షులు వచ్చాయని రూఢి చేసుకున్నాకే తల్లిదండ్రుల అంగీకార పత్రాలు పంచాలి.