గమ్ పూత ఉన్న హీట్ ష్రింక్ కనెక్టర్లు: చిన్న బోటు వైరింగ్‌కి ఎంతవరకు పనికొస్తాయి?

బ్యాటరీ నిండుగానే ఉంటుంది, అయినా పంపు తిరగదు, లైటు వెలగదు. వెతికితే ఎక్కడో ఒక జాయింటులో పచ్చటి చిలుము కనిపిస్తుంది. ఉప్పునీరు జాయింటు దగ్గరే ఆగదు. సన్నని పోగుల మధ్య సందుల్లోంచి ఇన్సులేషన్ లోపలికి పాకి, రాగిని నల్లగా మార్చేస్తుంది. పైన చుట్టిన టేపు దీన్ని ఆపకపోగా తేమను లోపలే పట్టి ఉంచుతుంది.

రెండు వైర్లని కలిపే ఈ హీట్ ష్రింక్ కనెక్టర్లు వచ్చింది ఆ నీటిని ఆపడానికే. నడుమ తగరం పూత వేసిన రాగి బ్యారెల్ (వైరు దూర్చి నొక్కే భాగం), దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం, గొట్టం లోపలి గోడకి కరిగే గమ్. ఎరుపు 0.5 నుంచి 1, నీలం 1.5 నుంచి 2.5, పసుపు 4 నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరుకి. గమ్ రెండు చివర్లా సన్నటి అంచులా బయటికి వచ్చిందంటే నీటికి దారి మూసుకున్నట్టే. ఆ విషయంలో మామూలు నైలాన్ స్లీవు కనెక్టర్లు వీటికి దరిదాపుల్లోకి కూడా రావు.

కానీ పేరు ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. చౌక రకంలో బ్యారెల్ కుట్టు అతకకుండా వదిలేస్తారు, నొక్కగానే విచ్చుకుంటుంది. కుట్టే లేనిదో, కుట్టు గట్టిగా అతికినదో ఏరి కొనాలి. లోపల వైరు ఎంతవరకు దూరిందో కనిపించేలా గొట్టం కాస్త పారదర్శకంగా ఉంటే ఇంకా మేలు.

ఎక్కువమంది చెడగొట్టేది నొక్కేటప్పుడే. పదునైన దవడలున్న మామూలు క్రింపింగ్ ప్లయరు గొట్టాన్ని కోసేస్తుంది. చిన్న గాటుని కరిగిన గమ్ పూడ్చవచ్చు, పెద్ద చీలికని పూడ్చదు. హీట్ ష్రింక్ రకానికే చేసిన నునుపు దవడల రాచెట్ ప్లయరు (పూర్తిగా నొక్కేదాకా వదలనిది) కావాలి. దాని ఖర్చు కలపకుండా ఈ కనెక్టర్ల ధర లెక్క వేయడం తప్పు.

వైరు ఇన్సులేషన్ బ్యారెల్ సగం పొడవు మేర, అంటే దాదాపు 7, 8 మిల్లీమీటర్లు తీయాలి. ఒక్క పోగు కూడా తెగకూడదు. రెండు వైపులా నొక్కాక గట్టిగా లాగి చూడాలి. ఊడితే ఇప్పుడే ఊడాలి. తర్వాత హీట్ గన్‌తో నడుమ నుంచి చివరలకి వేడి చేయాలి. లైటర్ మంట గొట్టాన్ని మాడుస్తుంది. పెట్రోలు ఆవిరి నిలిచే చోట మంటే కాదు, హీట్ గన్ కూడా ప్రమాదమే. బ్యాటరీ తీసి, గాలి బాగా ఆడాకే పని మొదలుపెట్టాలి.

ఇవి చేయలేని పనీ ఒకటుంది: నల్లబడ్డ రాగిని బాగుచేయలేవు. మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోయాల్సిందే. ఎంత కోసినా నలుపే వస్తుంటే ఆ వైరు తీసేసి, పోగు పోగుకీ తగరం పూత ఉన్న మెరైన్ వైరు వేయాలి. ఇదే గొట్టంతో వచ్చే, బోల్టుకి బిగించే రింగు టెర్మినళ్లు కూడా వైరు వైపు మాత్రమే మూసుకుంటాయి. రింగూ బోల్టూ బయటే ఉంటాయి. అక్కడ బిగించాక తుప్పు నిరోధక స్ప్రే కొట్టాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంటు మాత్రం వద్దు, దానిలోని ఆమ్లమే రాగిని తింటుంది.

నడుమ టంకం రింగు ఉన్న పారదర్శక స్లీవులు చూడముచ్చటగానే ఉంటాయి. బోటు అదురుకి మాత్రం ప్లయరుతో నొక్కిన జాయింటుదే, అంటే క్రింపుదే పైచేయి. టంకం పాకిన చోట వైరు బిగుసుకుని, ఆ అంచు దగ్గరే విరుగుతుంది.

పని అయ్యాక మీటరు బీప్ విని సంబరపడొద్దు, ఒక్క పోగు తగిలినా అది మోగుతుంది. లోడు నడుస్తుండగా జాయింటుకి ఒక పక్క నుంచి మరో పక్కకి వోల్టేజి తేడా కొలవాలి. 5 ఆంపియర్ల దగ్గర కొన్ని మిల్లీవోల్టులే చూపాలి. 50 దాటితే కోసి మళ్లీ వేయండి. బోటు అడుగున చేరిన నీటిని తోడే బిల్జి పంపు జాయింటుని, ఎంత బాగా మూసినా సరే, నీరు చేరే మట్టానికి పైనే కట్టండి. అక్కడ పాజిటివ్ వైరు నుంచి కరెంటు నీటిలోకి కారితే పోయేది కనెక్టరు ఒక్కటే కాదు, అడుగున ఉన్న లోహపు ఫిట్టింగులు కూడా.