స్ప్రింట్ స్పైక్స్ కొన్నాం: బోల్ట్ అభిమాని ఇంట్లో ఉంటే ఇంతే మరి

మా అబ్బాయి తొమ్మిదో తరగతి, వంద మీటర్లూ రెండు వందలూ పరిగెడతాడు. యూట్యూబ్‌లో ఉసేన్ బోల్ట్ రేసులన్నీ అరగదీశాడు కాబట్టి స్పైక్స్ (అడుగున పిన్నులుండే పరుగు బూట్లు) అంటే బోల్ట్ వేసుకున్న పూమా కంపెనీవే కావాలని కూర్చున్నాడు. వాడి సైజులో ఆ కంపెనీ స్ప్రింట్ మోడల్ దొరకలేదు, వేరే కంపెనీది ఆన్‌లైన్‌లో తెప్పించాం, నాలుగు వేల పైచిలుకు పడింది. కంపెనీ పేరు వదిలేస్తున్నా, ఎలా ఉన్నాయో మాత్రం ఉన్నదున్నట్టు చెప్తా.

ముందు పట్టు గురించి. హనుమకొండ జేఎన్ఎస్‌లో (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) సింథటిక్ ట్రాక్ ఉంది, అక్కడ మామూలు రన్నింగ్ షూతో బ్లాక్స్ (పరుగు మొదలుపెట్టేటప్పుడు పాదాలు ఆనించే దిమ్మెలు) నుంచి లేచేటప్పుడు మొదటి రెండు మూడు అడుగుల్లో కాలు కొద్దిగా జారేది, ఇప్పుడు ఆ సమస్యే లేదు. పాదం ముందు భాగం కింద గట్టి ప్లేటు ఉంటుంది, చేత్తో వంచబోతే వంగదు, మడమ కింద మెత్తదనం అసలు లేనట్టే, అంటే వేసుకోగానే మనిషి మునివేళ్ల మీదికి వచ్చేస్తాడు. రెండు వందల్లో వంపు తిరిగేటప్పుడు లోపలికి వాలినా పట్టు తప్పట్లేదు. డబ్బులు పెట్టినందుకు ఈ ఒక్క విషయంలో పూర్తి తృప్తి.

అందరూ అడిగేది ఒకటే, స్పీడ్ పెరుగుతుందా అని. పెరుగుతుంది, కానీ ఎక్కడ పెరుగుతుందో చూడండి: స్టార్ట్‌లో, మొదటి ఇరవై ముప్పై మీటర్లలో. తమాషా ఏంటంటే బోల్ట్‌కి బలహీనమైన భాగం అదే. ఆరడుగుల ఐదంగుళాల మనిషి బ్లాక్స్‌లోంచి లేవడమే ఆలస్యం, రేసు గెలిచేది సగం దాటాకే. 2011లో దేగు ప్రపంచ పోటీల్లో వంద మీటర్ల ఫైనల్లో ఫాల్స్ స్టార్ట్ చేసి, అంటే తుపాకీ పేలకముందే కదిలి, పరిగెత్తకుండానే బయటికెళ్లాడు, మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్‌లో అదే వంద మీటర్లు 9.63 సెకన్లలో పరిగెత్తి చూపించాడనుకోండి, అది వేరే సంగతి. ఇక 2008 బీజింగ్ ఒలింపిక్స్ వంద మీటర్ల ఫైనల్ చూడండి, బంగారు రంగు స్పైక్స్, ఎడమ కాలి లేసు ఊడిపోయి ఉంది, చివరి మీటర్లలో చేతులు చాచి గుండె మీద కొట్టుకుంటూ వేగం తగ్గించేశాడు, అయినా 9.69, ప్రపంచ రికార్డు! ఏడాది తిరిగేసరికి బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58, రెండు వందలు 19.19, రెండూ ప్రపంచ రికార్డులే. ఆ తర్వాత కార్బన్ ప్లేట్లు, కొత్త రకం ఫోమ్‌తో సూపర్ స్పైక్స్ వచ్చాయి, అవి అన్యాయమని 2021లో బోల్టే విమర్శించాడు, కానీ వాటితో కూడా ఆ రెండు రికార్డులూ ఇంతవరకు ఎవరూ కొట్టలేదు. కాబట్టి నాలుగు వేల జత నుంచి అద్భుతాలు ఆశించకండి.

సైజు దగ్గర జాగ్రత్త. ఇవి పాదానికి అతుక్కున్నట్టు బిగుతుగా ఉండాలి, స్కూల్ బూట్లలాగా పిల్లాడు ఎదుగుతాడని ఒక సైజు పెద్దది తీసుకుంటే లోపల కాలు జరిగి పట్టంతా పోతుంది. మాకొచ్చిన జత చార్టులో చెప్పినదానికంటే చిన్నది, మార్పించుకునేసరికి ప్రాణం విసిగింది. 2002లో కింగ్‌స్టన్‌లో ప్రపంచ జూనియర్ పోటీలప్పుడు పదిహేనేళ్ల బోల్ట్ సొంత జనం ముందు టెన్షన్‌తో బూట్లు కుడిఎడమలు మార్చి వేసుకున్నాడట, తనే చెప్పుకున్నాడు (ఆ 200 మీటర్లు గెలిచాడు కూడా). ఈ బూట్లతో ఆ భయం లేదు, సరైన కాలికి ఎక్కించడానికే ఇద్దరం కావాలి.

పెట్టెలో పిన్నులున్నాయి గానీ వాటిని బిగించే కీ లేదు. అమ్మినవాళ్లని అడిగితే "చూస్తాం సార్" అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. ఊళ్లో స్పోర్ట్స్ షాపులో విడిగా కొన్నాం. పిన్ను పొడవు కూడా చూసుకోండి, సింథటిక్ ట్రాక్‌కి నిబంధనల ప్రకారం 9 మిల్లీమీటర్ల దాకా కుదురుతుంది గానీ చాలా ట్రాక్‌ల మీద 6 కన్నా పొడవుంటే ఒప్పుకోరు. సిమెంటు మెట్ల మీద వీటితో నడిస్తే పిన్నులు అరిగిపోతాయి, మావాడికి ఎన్నిసార్లు చెప్పినా గ్యాలరీ మెట్లు వాటితోనే దిగుతాడు. స్కూల్ గ్రౌండ్ మట్టి మరలో ఇరుక్కుంటే పిన్ను ఊడిరాదు, అందుకే వాడాక విప్పి తుడిచి చుక్క నూనె వేస్తున్నాం.

కొత్తలో పిక్కలు పట్టేశాయి. కోచ్ సార్ స్టార్ట్ ప్రాక్టీసుకీ, టైమ్ తీసే పరుగులకీ మాత్రమే వేసుకోనిస్తారు, మిగతాదంతా మామూలు షూతోనే. ఇది మా వాడికి నచ్చదు. వీళ్లు చూసే వీడియోల్లో పతకాలే ఉంటాయి కదా, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కి తొడ కండరం గాయంతో వెళ్లి 200 మీటర్ల మొదటి రౌండ్‌లోనే బోల్ట్ ఇంటిదారి పట్టడం ఉండదు. వెన్ను వంకర ఉన్న మనిషి, కోచ్ గ్లెన్ మిల్స్ దగ్గర ఆ వెన్ను చుట్టూ కండ బలం పెంచుకోవడానికి ఏళ్లు పట్టింది. చివరికి 2017 లండన్ ప్రపంచ పోటీల్లో తన ఆఖరి రిలేలో మళ్లీ తొడ పట్టేసి ట్రాక్ మీద పడిపోయాడు. అది స్పైక్స్ వల్ల అనట్లేదు, కానీ మెత్త లేని బూటు పిల్లల పిక్కల మీద, మడమ నరం మీద బరువు పెంచుతుంది, రోజూ వేయించకండి.

మన్నిక నిరాశే. ఒక సీజన్ గడిచేసరికి బొటనవేలి దగ్గర అతుకు విడిపోయింది, చెప్పులు కుట్టే ఆయన దగ్గర అంటించాం. ఐదుకి మూడు ఇస్తా, ఆ మూడూ పట్టుకే. జిల్లా స్థాయి పోటీలకు సింథటిక్ ట్రాక్ మీద పరిగెత్తే పిల్లలుంటేనే తీసుకోండి, మట్టి గ్రౌండే అయితే ఇంత ఖరీదు దండగ. మీ దగ్గర సీనియర్ పిల్లలుంటే కాలికి చాలక పక్కన పెట్టిన జతలు ఉంటాయేమో ముందు అడగండి, పిన్నులు కొత్తవి వేయించుకుంటే సరిపోతుంది.