మందు గుర్తొచ్చే వేళకే మీటింగ్ ఉండాలి

మందు మానాలనుకునేవాళ్లు ఏ మీటింగ్‌కి వెళ్లమంటారని అడిగితే నేను ఎదురు ప్రశ్న ఒకటే వేస్తాను: మీకు మందు ఎన్ని గంటలకి గుర్తొస్తుంది? నాకైతే సాయంత్రం ఏడుకి. విజయనగరంలో నా షాపు షట్టర్ దించి గంటస్తంభం దాటే టైము. ఆ గంటలో నన్ను ఒకచోట కూర్చోబెట్టగలిగిన మీటింగే నాకు పనికొచ్చింది. మిగతావన్నీ దాని తర్వాతే.

నేను కొన్నేళ్లుగా వెళ్తున్నది ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకి. అందరూ ఏఏ అనే అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో ఒక స్టాక్ మార్కెట్ మనిషీ ఒక సర్జనూ, ఇద్దరూ తాగుడుతో పాడైనవాళ్లే, ఒకరి గోడు ఒకరికి చెప్పుకోవడంతో మొదలైంది. ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక తప్ప వేరే అర్హత లేదు. చివర్లో డబ్బా తిరుగుతుంది, ఉన్నవాళ్లు వేస్తారు. బయటివాళ్ల విరాళాలు మాత్రం ముట్టుకోరు. ఒక సభ్యుడి బావమరిది ఫ్యాన్లు కొనిస్తానని ముందుకొస్తే మా వాళ్లు వద్దనేశారు. మే నెల ఉక్కపోతలో నాకు ఒళ్లు మండింది గానీ, ఆలోచిస్తే అదే మంచిదనిపించింది. ఫ్యాన్ల మీద పేరు రాయించుకున్నాయన రేపు వచ్చి మాకు నీతులు చెప్పడా?

పేరు ఒకటే అయినా ఏ గ్రూపు పద్ధతి దానిదే. ఇలాగే జరపండని పైనుంచి ఎవరూ చెప్పరు. అందుకే ఒక మీటింగ్ నచ్చకపోతే ఏఏ మొత్తం నచ్చలేదనుకోవక్కర్లేదు.

మొదట్లో నేను విశాఖపట్నం వెళ్లేవాణ్ణి. మన ఊళ్లో ఎవరైనా చూస్తారని భయం. అక్కడ మీటింగులు బాగానే ఉండేవి, పాత సభ్యులు ఎక్కువ. కానీ రైలు దొరికేసరికి రాత్రి. తెలిసినవాళ్లెవరూ లేని ఊళ్లో, జేబులో డబ్బుతో, రైలు కోసం ఖాళీగా కూర్చోవడం మావంటివాళ్లకి మంచిది కాదు. పైగా అరవై కిలోమీటర్ల దూరం వంక పెట్టుకోవడానికి బాగా పనికొస్తుంది. వాన పడితే చాలు.

ఆ తర్వాత చూసిన ఒక గ్రూపులో ఒక పెద్దాయనే గంటంతా మాట్లాడేవారు. ఇంకోచోట ప్రార్థన ఎంతకీ అయ్యేది కాదు, భజనకి వచ్చామా అనిపించేది. ఏఏలో దేవుడి మాట వస్తుంది, నిజమే. కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకి. మసీదుకి వెళ్లేవాళ్లూ, చర్చికి వెళ్లేవాళ్లూ, ఎక్కడికీ వెళ్లనివాళ్లూ పక్కపక్కన కూర్చోగలిగినప్పుడే ఆ మాటకి విలువ.

చివరికి నేను కుదురుకున్నది విజయనగరంలోనే, ఒక బడి గదిలో. ఇక్కడ మనిషికి నాలుగైదు నిమిషాలు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డు తగలరు, సలహా ఇవ్వరు. కొత్తవాడికి మాట్లాడాలని లేకపోతే ఊరికే కూర్చుని వెళ్లిపోవచ్చు. నేను భయపడ్డట్టే తెలిసిన ముఖం కనబడింది, నాకు సరుకు వేసే ఆయనే. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఈ రోజుకీ షాపులో ఆ ఊసు ఎత్తం.

మీటింగ్ కంటే ఆ తర్వాత బయట తాగే టీయే నాకు ఎక్కువ మేలు చేసింది. ఫోన్ నంబర్లు అక్కడే చేతులు మారతాయి. రెండు వారాలు వెళ్లకపోతే ఫోన్ వస్తుంది, "ఏటి బావూ, కనబడ్డం లేదేటి?" అని. పైడితల్లమ్మ జాతరలో సిరిమానుకి ముందు రోజు, తొలేళ్ల రాత్రి ఊరంతా ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి మాలో నలుగురం ఒకరింట్లో పులిహోర తింటూ కూర్చుంటాం.

అయ్యప్ప మాలలో నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాళ్లు మన జిల్లాలో కోకొల్లలు. నేనూ వేసుకున్నాను. మాల తీసే తేదీ మనసులో మెదులుతూనే ఉండేది. మీటింగులో తేదీ ఉండదు, ఈ ఇరవై నాలుగు గంటలు తాగకుండా గడిపితే చాలంటారు. నాకు ఇదే తేలిక.

లోపాలు లేకపోలేదు. ఆడవాళ్లు దాదాపు రారు. వచ్చినా మగవాళ్ల మధ్య ఎంతవరకు చెప్పుకోగలరు? వాళ్లకి ఫోన్లో జరిగే మీటింగులే నయం. నాకైతే ఫోన్ మీటింగులు ప్రయాణాల్లో తప్ప కుదరలేదు, కెమెరా ఆపేసి గ్లాసు పట్టుకున్నా అడిగేవాడు ఉండడు. స్పాన్సర్‌గా, అంటే కొత్తవాడికి తోడుండి దారి చూపే మనిషిగా, ఉండదగ్గ పాతకాపులు చిన్న ఊళ్లో తక్కువ, ఉన్న ఒకరిద్దరి మీదే అందరి భారం పడుతుంది.

ఇంకోటి, మీటింగ్ వైద్యం కాదు. ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకుతో పాటు ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టర్‌కి చూపించాలి. మాన్పించే మాత్రలని ఇంట్లోవాళ్లు కూరలో దొంగచాటుగా కలపడం కూడా ప్రమాదమే. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయొచ్చు, మత్తు అలవాట్ల కోసమే పెట్టిన జాతీయ నంబరు అది.

మొదటిసారి భార్యనో అన్ననో వెంట తీసుకెళ్లేవాళ్లు అది ఓపెన్ మీటింగో కాదో ముందే కనుక్కోండి. క్లోజ్డ్ అయితే, అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే అయితే, వాళ్లని లోపలికి రానివ్వరు. బడి సెలవుల్లో గది మారుతుంది కాబట్టి, బయల్దేరే ముందు ఫోన్ చేయండి.