నెల్లూరు పొగతోటలో పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీ: బాగున్నవి, బాగాలేనివి

నాది బుచ్చిరెడ్డిపాళెం. ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు, డ్రస్సులు కుడతాను. నెల్లూరు పొగతోటలో ఆడవాళ్ల పొత్తికడుపు నొప్పికి, మూత్రం ఆగని సమస్యకి పెల్విక్ ఫ్లోర్, అంటే పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు చూసి వైద్యం చేసే ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ గురించి ఇది రాస్తున్నాను. చూసే మేడం తన పేరు బయట పెట్టొద్దన్నారు, కాబట్టి పేరు రాయడం లేదు. అక్కడ ఏం చేస్తారో తెలిస్తే మీ ఊళ్లో ఇలాంటి చోటు వెతుక్కోవడానికి అదే సరిపోతుంది.

ముందు ఒక మాట. మన వైపు పొత్తికడుపు నొప్పి అనగానే ‘గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది’ అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి ఆపరేషన్లు దేశంలోకెల్లా ఎక్కువ కనబడింది మన ఆంధ్రలోనే. నాకూ ఒక ఆసుపత్రిలో అదే చెప్పారు. పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంక దాంతో పనేముంది అన్నారు. ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్లు ఉంటారు, కాదనను. కానీ నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా తీసేద్దామనడం అన్యాయం. ఈ సమీక్ష రాయడానికి కారణం అదే.

నా బాధ ఇదీ. మిషన్ ముందు కాసేపు కూర్చుంటే చాలు, బొడ్డు కింద బరువుగా లాగేది. ఒంటికి వెళ్లొచ్చినా మళ్లీ వెళ్లాలనిపించేది, మంట. భర్తతో కలిసినప్పుడు నొప్పి. ఇది ఎవరితో చెప్పుకుంటాం? మూత్రంలో క్రిములున్నాయేమో చూసే యూరిన్ కల్చర్ పరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చేది, అయినా యాంటీబయాటిక్ రాసేవాళ్లు. నడుముకి కరెంటు పెట్టించుకుంటే ఆ పూటకి తగ్గి మళ్లీ మొదలు. చివరికి నెల్లూరులోనే ఇంకో గైనకాలజిస్టు ఓపిగ్గా అన్నీ చూశారు. రాళ్లు, గడ్డలు, ఇన్ఫెక్షన్ లేవన్నారు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) స్కానింగ్‌లో కనబడకుండా కూడా ఉండొచ్చని చెప్పి నెలసరి సంగతులు విడిగా అడిగారు. ఆ తర్వాతే లోపల కండరాలు బిగుసుకుపోయినట్టున్నాయని ఈ క్లినిక్‌కి పంపారు.

మొదటి రోజు మందు లేదు, మిషన్ లేదు, అన్నీ ప్రశ్నలే. కాన్పులో కుట్లు పడ్డాయా, విరేచనానికి ముక్కుతావా, నీళ్లు ఎన్ని తాగుతావు, కూర్చునేటప్పుడు కాలు మడిచి పెడతావా, పొట్ట లోపలికి బిగబట్టే అలవాటుందా. భర్త దగ్గర నొప్పి సంగతి కూడా ఆవిడే మామూలుగా అడిగేసరికి నేనూ మామూలుగానే చెప్పగలిగాను. ప్లాస్టిక్ ఎముకల బొమ్మ చూపించి వివరించారు. ముందువైపు పొత్తికడుపు కింద ఉండే జఘనాస్థి అనే ఎముక నుంచి వెనక తోకఎముక దాకా ఉయ్యాలలా పరుచుకున్న కండరాలుంటాయట. మూత్రసంచి, గర్భసంచి, పేగు చివరి భాగం వాటి ఆధారంతోనే నిలబడతాయట.

లోపలి పరీక్ష గురించి చాలామంది భయపడతారు కాబట్టి వివరంగా రాస్తాను. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, నీకిష్టమేనా అని అడిగారు. ఈ రోజు వద్దంటే ఇంకోరోజు, అసలే వద్దంటే బయట నుంచే చేద్దాం, మధ్యలో ఆపమన్నా ఆపేస్తానన్నారు. గ్లౌజు వేసుకుని ఒకే వేలు. ఒకచోట మెల్లగా నొక్కగానే నా నొప్పి, నా మంట అచ్చంగా అక్కడే తగిలాయి. ‘ఇదేనా అక్కా?’ అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అన్ని రిపోర్టుల్లోనూ లేని నొప్పి ఒక మనిషి వేలికి దొరికింది.

వైద్యం నేననుకున్నట్టు లేదు. ఇలాంటి సమస్యలంటే యూట్యూబ్‌లో అందరూ చూపించేది కింద కండరాలు బిగించే కెగెల్ వ్యాయామం. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు రాసింది అది, పట్టు తప్పిన కండరాల కోసం. నావి ఆల్‌రెడీ బిగిసి ఉన్నవి. దారం టెన్షన్ ఎక్కువైన మిషన్ మీద ఇంకాస్త బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుంది, దారం తెగుతుంది. అందుకే నాకు వదలడం నేర్పారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని, పొట్ట పైకి లేచేలా ఊపిరి తీసుకోవాలి. గాలి లోపలికి పోయేటప్పుడు కింది కండరం కూడా కిందికి జారి వదులవుతుంది. అది తెలియడానికే నాకు చాలా రోజులు పట్టింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగే ఆసనం, తొడల లోపలి కండరాలు సాగదీయడం, అప్పుడప్పుడూ ఆవిడే లోపల నొప్పి ఉన్న చోట నెమ్మదిగా నొక్కి పట్టుకోవడం.

కొన్ని రోజులు నీళ్లు ఎప్పుడు తాగిందీ, ఒంటికి ఎప్పుడు వెళ్లిందీ రాసుకురమ్మన్నారు. కస్టమర్ల కొలతల పుస్తకంలోనే చివరి పేజీల్లో రాశాను. బయటికి వెళ్లే ముందల్లా రాకపోయినా వెళ్లడం, మంటకి భయపడి నీళ్లు మానేయడం, ఈ రెండూ ఆపించారు. వెళ్లాలనిపించగానే పరిగెత్తకుండా ఊపిరి మీద ధ్యాస పెట్టి మెల్లమెల్లగా గ్యాప్ పెంచుకుంటూ పోవాలి. టీ తగ్గించాలి. వెస్ట్రన్ టాయిలెట్‌లో పాదాల కింద పీట వేసుకోవాలి, ముక్కకూడదు. కుట్టేటప్పుడు జాకెట్ చేతులు కుట్టడం అవగానే లేచి నాలుగడుగులు వేయాలి. ఇవన్నీ చిన్నవిగా కనబడతాయి గానీ నాకు ఎక్కువ మేలు చేసింది ఇవే.

మా అమ్మని కూడా తీసుకెళ్లాను. ఆమె బాధ వేరు, దగ్గినా తుమ్మినా చీర తడిసేది. అమ్మకి బిగించే వ్యాయామమే ఇచ్చారు: ఎనిమిదిసార్లు బిగించి, ప్రతిసారీ పూర్తిగా వదిలి, రోజుకి మూడు పూటలా, కనీసం మూడు నెలలు. దగ్గు వస్తోందనగానే ముందే బిగించి పట్టుకోవడం కూడా నేర్పారు. ఒకే ఇంట్లో తల్లికొకటి, కూతురికొకటి. చెయ్యి పెట్టి చూడకుండా వ్యాయామం చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లొద్దని నేననేది ఇందుకే.

ఇప్పుడు బాగాలేనివి. కౌంటర్ దగ్గర అమ్మాయి అందరి ముందూ గట్టిగా ‘ఏం ప్రాబ్లం?’ అని అడుగుతుంది. మోకాళ్ల నొప్పులకి వచ్చిన మగవాళ్లు పక్కనే కూర్చుని ఉంటారు. ‘మేడం రమ్మన్నారు’ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. మేడంకి ఈ మాట చెప్పాను, రాసిచ్చే పద్ధతి పెడతామన్నారు, నేను చివరిసారి వెళ్లినప్పటికి పెట్టలేదు. పరీక్ష గదికి తలుపుంది గానీ వ్యాయామాలు చేయించే చోట ఉత్త కర్టెనే. మేడ మీద క్లినిక్, లిఫ్టు లేదు, అమ్మ మెట్లెక్కడానికి ఇబ్బంది పడింది. ఇచ్చే కాగితం మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది, తెలుగులో చెప్పించుకుని రాసుకోండి. కింద వేసుకుని కూర్చునే, తోకఎముక దగ్గర కోత ఉన్న దిండు అక్కడ కొనక్కర్లేదు, సర్జికల్ షాపులో తక్కువకే దొరికింది. ఫీజు సిట్టింగుకి ఐదొందలు. బుచ్చి నుంచి నెల్లూరులోని ఆత్మకూరు బస్టాండులో దిగి ఆటోలో పోవడం, అరపూట పని పోవడం కలుపుకుంటే మాలాంటివాళ్లకి బరువే. ఆ మాట చెబితే ఇంటి దగ్గర చేసుకునేవి ఎక్కువిచ్చి రావడం తగ్గించారు. డబ్బు కోసం లాగలేదు, అది మెచ్చుకోవాలి.

నొప్పి పూర్తిగా పోలేదు. నెలసరికి ముందు రెండు మూడు రోజులు ఇంకా ఉంటుంది, వేడినీళ్ల బ్యాగు గుడ్డలో చుట్టి పెట్టుకుంటాను. కానీ మొన్న శ్రావణమాసంలో జాకెట్లన్నీ సమయానికి ఇచ్చాను. భర్త దగ్గర భయం తగ్గింది.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు గైనకాలజిస్టుకి చూపించుకుని, స్కానింగులు, యూరిన్ రిపోర్టులు అన్నీ వెంట తీసుకెళ్లండి. మూత్రంలో రక్తం, జ్వరంతో నొప్పి, ముట్లుడిగాక రక్తస్రావం ఉంటే ఫిజియోథెరపీ కోసం ఆగొద్దు, డాక్టరు దగ్గరికే పోవాలి. ఉన్నట్టుండి తొడల మధ్య మొద్దుబారి మూత్రం మీద అదుపు పోతే అది ఎమర్జెన్సీ, ఆ గంటే ఆసుపత్రికి వెళ్లాలి. మగవాళ్లకీ ఇలాంటి నొప్పి వస్తుందట, కానీ ఈ క్లినిక్‌లో ఈ సమస్యకి ఆడవాళ్లనే చూస్తారు. ఫోన్ చేసినప్పుడు ‘పెల్విక్ ఫ్లోర్ చూసే లేడీ ఫిజియోథెరపిస్టు ఏ రోజు ఉంటారు’ అని అడగండి. మిగతా రోజుల్లో వెళ్తే నడుముకి కరెంటు పెట్టి పంపిస్తారు.