నరాల నొప్పికీ నిద్రకీ ఒకే క్యాప్సూల్ అని అమ్ముతున్నారు, కొనే ముందు సీసా వెనకవైపు చదవండి

అరికాళ్ల మంటలతో రాత్రుళ్లు నిద్రపట్టని వాళ్లకి ఈ క్యాప్సూల్స్ ప్రకటనలు తెగ కనిపిస్తున్నాయి. నేను కొని వాడాను. దయచేసి మీరు కొనకండి.

సీసా ముందువైపు "నరాలకు బలం, కమ్మటి నిద్ర" అని పెద్ద అక్షరాలు. వెనకవైపు భూతద్దం ఉంటే గానీ చదవలేని అక్షరాల్లో అసలు సంగతి ఉంది. ఒక్కో క్యాప్సూల్‌లో పైరిడాక్సిన్, అంటే బి6 విటమిన్, 50 మిల్లీగ్రాములు. ఉదయం ఒకటి, రాత్రి రెండు వేసుకోమన్నారు. మొత్తం 150. మామూలుగా పెద్దవాళ్లకి రోజుకి కావలసింది ఒకటిన్నర మిల్లీగ్రాములకు అటూఇటూగా. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజుకి 12 మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పింది. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఈ విటమినే నరాలను దెబ్బతీస్తుంది. తిమ్మిర్లు, మంటలు, నడుస్తుంటే తూలడం. ఏ బాధ పోవాలని కొంటున్నామో అదే బాధ! నాకు తిమ్మిర్లు చేతివేళ్లకీ పాకాయి. అమ్మినవాళ్లని అడిగితే "నరాలు మళ్లీ మేలుకుంటున్నాయి, మంచి సూచన, డోసు పెంచండి" అన్నారు. ఈ మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

అందులోనే మెలటోనిన్, అంటే ఇక నిద్రవేళ అయిందని ఒంటికి తెలిపే హార్మోన్, కూడా కలిపారు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. నరాల నొప్పి చాలామందికి పొద్దు గడిచేకొద్దీ పెరిగి, రాత్రికి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత అవుతుంది. ఆ రాత్రి నిద్ర చెడితే మర్నాడు నొప్పి ఇంకా గట్టిగా తెలుస్తుంది. కాబట్టి మనలాంటి వాళ్లకి జీవగడియారం, అంటే నిద్ర, మెలకువ వేళలను నడిపే ఒంట్లోని గడియారం, దారి తప్పకుండా చూసుకోవడం చాలా ముఖ్యం. మెదడులోని ఆ గడియారం కంటికి తగిలే వెలుతురును బట్టి నడుస్తుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ పెరుగుతుంది, తెల్లవారేసరికి తగ్గిపోతుంది. తగ్గాల్సిన వేళలో, అంటే పొద్దున్నే, బయటినుంచి మెలటోనిన్ ఇస్తే గడియారం వెనక్కి జరిగి నిద్రవేళ ఇంకా ఆలస్యమవుతుంది. నాకు అదే జరిగింది. పగలంతా మగత, అర్ధరాత్రి దాటినా కళ్లు మూతపడవు, ఆ మెలకువలో మంట ఒక్కటే తోడు. నిద్ర మందు ఉదయం కూడా వేసుకోమన్నవాళ్లకి నిద్ర గురించి ఏం తెలిసినట్టు?

పైగా సీసా మీద రాసినంతే లోపల ఉంటుందన్న నమ్మకం కూడా లేదు. కెనడా పరిశోధకులు 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించి 2017లో ప్రచురించారు. కొన్నింట్లో రాసినదానికన్నా 83 శాతం వరకు తక్కువ, ఒకదాంట్లో 478 శాతం ఎక్కువ ఉంది.

"ఇక డాక్టర్ రాసిన మాత్రలు మానేయొచ్చు" అని కూడా ప్రకటనలో ఉంది. నరాల నొప్పికి డాక్టర్లు రాసే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే నిద్ర పూర్తిగా పోవచ్చు, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ చెబితే మెల్లమెల్లగా తగ్గించుకోవాలే తప్ప మీకు మీరుగా ఆపకండి.

సీల్ తీశారు కాబట్టి డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. ఇప్పటికే ఈ క్యాప్సూల్స్ వాడుతున్నవాళ్లు సీసా వెనకవైపు ఫోటో తీసి న్యూరాలజిస్ట్‌కి చూపించండి, రక్తంలో బి6 పరీక్ష చేయించాలేమో అడగండి. ఆపాక కూడా కొన్ని వారాలు తిమ్మిర్లు పెరిగినట్టు అనిపించవచ్చు. ఆ భయంతో మళ్లీ ఆ సీసా మూత తీయకండి.