పేలిన నక్షత్రం జాడ తీయడానికి రేడియోనా, ఎక్స్-రేనా?

మన పాలపుంతలో ఇప్పటిదాకా గుర్తించిన సూపర్నోవా అవశేషాలు, అంటే పేలిన నక్షత్రాలు వదిలిన శిథిలాలు, సుమారు 300. వాటిలో ఎక్కువ భాగాన్ని ముందుగా పట్టిచ్చింది రేడియో టెలిస్కోపే. రేడియో తరంగాలకు ధూళి అడ్డు రాదు, నేల మీద నుంచే చూడవచ్చు. చిక్కల్లా ఒక్కటే: కొత్త నక్షత్రాలు వేడెక్కించిన వాయుమేఘం కూడా అలాగే గుండ్రంగా కనిపించి బురిడీ కొట్టిస్తుంది.

ఎక్స్-రే ముందు ఆ వేషం అంత సులువుగా సాగదు. పేలుడు తాకిడికి వాయువు దాదాపు కోటి డిగ్రీలకు వేడెక్కుతుంది. వర్ణపటంలో సిలికాన్, గంధకం, ఇనుము గీతలు విడివిడిగా నిలుస్తాయి. 1999లో నాసా వారి ఎక్స్-రే అంతరిక్ష టెలిస్కోపు చంద్ర తొలి చూపులోనే కాసియోపియా-ఎ అనే అవశేషం నడుమ చిన్న చుక్క తేలింది. అది న్యూట్రాన్ నక్షత్రం (పేలుడు తర్వాత మిగిలే అతి సాంద్రమైన నడిబొడ్డు), రేడియోకు చిక్కని రకం. పాత వేలా అవశేషం వెలుగులో కలిసిపోయిన మరో అవశేషాన్ని 1998లో బయటపెట్టింది కూడా రోశాట్ అనే ఎక్స్-రే ఉపగ్రహం చూసిన అధికశక్తి ఎక్స్-కిరణాలే.

అయితే తక్కువ శక్తి కిరణాలను దారిలోని వాయువు మింగేస్తుంది. మిగిలినవాటిని మన వాతావరణం ఆపేస్తుంది కాబట్టి రాకెట్టు ఎక్కక తప్పదు. 2015లో శ్రీహరికోట నుంచి మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ ఎగిరింది ఇలాంటి పనులకే.

వెతకడానికి రేడియో, నిర్ధారించడానికి ఎక్స్-రే అన్నది నా లెక్క. జి1.9+0.3 అనే అవశేషం సంగతే చూడండి: 1985 నాటి రేడియో చిత్రం పక్కన 2007 నాటి చంద్ర చిత్రం పెడితే, వలయం 16 శాతం పెరిగి కనిపించింది. వయసు సుమారు 140 ఏళ్లే అని తేలింది అలాగే.